పెంపుడు కొండచిలువ తప్పిపోయిందా? పెంచేవాళ్లు చేయాల్సింది, పక్కింటివాళ్లు చేయాల్సింది

కుక్కలూ చిలకలూ అక్వేరియంలో చేపలూ పాతబడిపోయాయి, ఇప్పుడు పాముల సరదా వచ్చింది. ఇదేదో బెంగళూరు, హైదరాబాదు వాళ్ల గోల అనుకోకండి. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం లాంటి మన ఊళ్లలో కూడా మేడమీద గదిలో గాజుపెట్టె పెట్టి, అందులో బాల్ పైథాన్ అనే విదేశీ కొండచిలువని ఉంచి, స్నేహితులకి వీడియో కాల్‌లో చూపించి మురిసిపోయే కుర్రాళ్లు తయారయ్యారు. పెంచొచ్చా కూడదా అన్న వాదన ఇక్కడ పెట్టను, నాకు గట్టి అభిప్రాయమే ఉంది కానీ పాము పోయిన ఇంటికి ఆ వాదన పనికిరాదు. పొద్దున్నే లేచి చూస్తే పెట్టె మూత కాస్త పక్కకి జరిగి ఉంది, లోపల పాము లేదు. ఇప్పుడేం చేయాలి? ఆ పాము మీది కాదు, మీ వీధిలో ఎవరిదో, అప్పుడు మీరేం చేయాలి? ఇంతవరకే రాస్తున్నాను.

మొదలెట్టే ముందు రెండు సంగతులు బుర్రలో పెట్టుకోండి. తప్పిపోయిన పాము దూరం పోదు. చాలాసార్లు అదే ఇంట్లో, ఇంకా చెప్పాలంటే అదే గదిలో, మనం నాలుగుసార్లు చూశాం కదా అనుకున్న చోటే ఉంటుంది. రెండోది, వెతుకులాటని చెడగొట్టేది పాము కాదు, మన మొహమాటం. ఫారెస్టోళ్లు కేసు పెడతారేమో, ఇంటి ఓనరు ఖాళీ చేయమంటాడేమో అని రెండు రోజులు గుట్టుగా ఉంచి, మూడో రోజు అది పక్కింటి పిన్నిగారి బాత్రూంలో కనబడితే అప్పుడు కర్రలు పట్టుకుని వీధి వీధంతా వచ్చేస్తుంది. పామూ పోతుంది, పరువూ పోతుంది.

ఏ పామో ముందు తేల్చుకోండి

అన్ని పాములకీ ఒకే కంగారు అక్కర్లేదు. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము, పెద్దదైనా మూడు నుంచి ఐదడుగులు, భయమేస్తే తల లోపల దాచుకుని ఉండచుట్టుకుపోతుంది. విషం లేదు, మనిషి ప్రాణానికి దానివల్ల ముప్పు లేదు. అది తప్పిపోతే టెన్షన్ మనకంటే దానికే ఎక్కువ.

బర్మీస్ పైథాన్ అలా కాదు. కొన్నప్పుడు రెండడుగులుండే పిల్ల మంచి తిండి పడితే మూడేళ్లు తిరిగేసరికి పదడుగులకి చేరుతుంది, దుకాణంలో చేతికి చుట్టుకుని ఫొటో దిగినవాళ్లెవరికీ అప్పుడు ఆ ఊహే రాదు. రెటిక్యులేటెడ్ పైథాన్ ఇంకా పొడుగు, ప్రపంచంలోకెల్లా పొడవైన పాము అదే, ఇరవై అడుగులు దాటినవీ ఉన్నాయి. అనకొండలూ దొంగదారిన మన దేశంలోకి వస్తున్నాయి. 2024 ఏప్రిల్‌లో బ్యాంకాక్ నుంచి బెంగళూరు విమానాశ్రయంలో దిగిన ఒక ప్రయాణికుడి సామానులో 10 పసుపు అనకొండలు దొరికాయి. దొరికినవి అవి, దొరకనివి ఎవరి ఇంట్లో పెరుగుతున్నాయో.

ఆరడుగులు దాటిన పాము ఏదైనా సరే, ఒంటరిగా దాని జోలికి పోవద్దు. 2013లో కెనడాలోని క్యాంప్‌బెల్టన్ అనే చిన్న ఊళ్లో, పెంపుడు జంతువుల దుకాణం మీది వాటాలో నిద్రపోతున్న నాలుగేళ్ల, ఆరేళ్ల పిల్లలిద్దరు పెట్టెలోంచి తప్పించుకున్న ఆఫ్రికన్ రాక్ పైథాన్ వల్ల చనిపోయారు. ఇలాంటివి చాలా అరుదు, భయపెట్టడానికి చెప్పడం లేదు. కానీ అరుదు కదా అని చంటిపిల్లలున్న ఇంటికి కబురు చెప్పకుండా కూర్చోవడం మాత్రం కుదరదు.

పాము పొడవు, రంగు, చివరిసారి ఎప్పుడు తిన్నదో, కుబుసం విడిచే ముందు దశలో ఉందా (కళ్లు నీలంగా మసకబారి ఉంటాయి, అప్పుడు చూపు సరిగా ఆనదు, చిరాగ్గా ఉంటుంది), ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, ఫోన్‌లో మంచి ఫొటో ఒకటి వెతికి పెట్టుకోండి. తర్వాత పదిమంది అడుగుతారు, పదిసార్లు ఒకేలా చెప్పాలి.

మొదటి గంట

అరవకండి, పరిగెత్తకండి. పెట్టె ఉన్న గది తలుపులు, కిటికీలు మూసేయండి, తలుపు కింద సందులో పాత తువ్వాలు చుట్టి దూర్చండి. మిగిలిన గదులకీ అంతే. బాత్రూం కమోడ్ మూత వేయండి, నేల మీది జాలీ మీద ఇటుకో బరువైన బకెట్టో పెట్టండి. పిల్లల్ని, కుక్కని, పిల్లిని ముందుగా ఒక గది పూర్తిగా వెతికి, ఆ గదిలో ఉంచండి. వాషింగ్ మెషిన్ వేయొద్దు, స్కూటర్ స్టార్ట్ చేయొద్దు, వాలుకుర్చీలాంటి మడిచే సోఫా ఉంటే కదపొద్దు. పాము లోపల ఉండి నలిగిపోయేది ఇలాంటి వాటిల్లోనే.

ఇప్పుడు పెట్టె దగ్గర మొదలుపెట్టి బయటికి వెతకండి. ఇల్లంతా ఒకేసారి గాలించకూడదు. ఒక గది పూర్తి చేసి, తలుపు మూసి, సందు బిగించి, తర్వాతి గదికి వెళ్లాలి. లేకపోతే మీరు హాల్లో ఉండగా అది వెతికేసిన గదిలోకి వెళ్లిపోతుంది, మీరు మళ్లీ అటు చూడరు.

ఎక్కడ చూడాలి అంటే, మీ చెయ్యి పట్టే సందు ఎక్కడుంటే అక్కడ. పాముకి ఒళ్లు మూడు వైపులా తగిలే ఇరుకు చోటు కావాలి, విశాలమైన మంచం కింద మధ్యలో పడుకోదు, మంచం కిందున్న ట్రంకు పెట్టెకీ గోడకీ మధ్య దూరుతుంది. ఫ్రిజ్ వెనకాల కంప్రెసర్ దగ్గర, ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన, టీవీ స్టాండు వెనక, బీరువా కింద, సొరుగు లాగేసి ఆ సొరుగు వెనక ఖాళీలో, సోఫా అడుగున గుడ్డ చిరిగిన చోట, చుట్టిపెట్టిన చాపల్లో, బియ్యం బస్తాల మధ్య, దేవుడి గదిలో పీట వెనక, బూట్లలో కూడా. సోఫా అయితే తిరగేసి అడుగున గుడ్డని అరచేత్తో నెమ్మదిగా తడిమి చూడండి, బరువుగా, మెత్తగా ఏదో జరిగినట్టు తెలుస్తుంది. తల పైకి కూడా ఎత్తి చూడాలి, పైథాన్లు బాగా ఎక్కుతాయి, కర్టెన్ రాడ్డు, అటక, ఫాల్స్ సీలింగ్ ఏదీ వదలొద్దు. 2021 జులైలో అమెరికాలో బ్యాటన్ రూజ్ అనే ఊళ్లో ఒక మాల్‌లో ఉన్న జంతు ప్రదర్శనశాల నుంచి పన్నెండడుగుల బర్మీస్ పైథాన్ తప్పించుకుంటే, రెండు రోజులు వెతికిన తర్వాత ఆ మాల్ సీలింగ్ సందులోనే దొరికింది. పన్నెండడుగుల పాము సంగతే అది.

కాలం కూడా చూసుకోవాలి, ఇది చాలామంది పట్టించుకోరు. పాముకి తన ఒంటి వేడి తను పుట్టించుకునే శక్తి లేదు. డిసెంబరు, జనవరిలో, ముఖ్యంగా కొరాపుట్, సిమిలిగుడ వైపు చలిలో అయితే అది వేడి ఉన్న చోటికి పోతుంది, ఫ్రిజ్, ఇన్వర్టర్, పొయ్యి గట్టు కింద. మే నెలలో బరంపురం ఎండలో దీనికి సరిగ్గా తలకిందులు, చల్లదనమూ నీళ్లూ వెతుక్కుంటుంది, అప్పుడు బాత్రూం, నీళ్ల డ్రమ్ము వెనక, కూజా స్టాండు కింద, కూలర్ దగ్గర, తోముగట్టు పక్కన ముందు చూడాలి. మే నెలలో ఫ్రిజ్ వెనక గంటసేపు గాలించడం దండగ.

పాత బరంపురంలో వరస ఇళ్లు ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. ముందు నుంచి వెనక్కి పొడుగ్గా, రెండిళ్లకీ ఒకే గోడ, పైన దూలాలు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కలిసిపోయి ఉంటాయి. పెంకులకీ గోడకీ మధ్య సందు ఉందంటే మీ పాము మీ వీధి చివరింటి దాకా నేల దిగకుండానే వెళ్లగలదు. మగ్గం గుంట ఉన్న ఇల్లయితే ముందు ఆ గుంటే చూడండి, చీకటి, ఇరుకు, చల్లదనం అన్నీ ఒకే చోట ఉన్నాయి. మగ్గం మీద కూర్చునేవాళ్లు కాళ్లు పెట్టే ముందు టార్చి వేసి చూడాలి, ఆ మాట వాళ్లకి మీరే చెప్పాలి.

మొదటి రాత్రి

పగలు దొరక్కపోతే బెంగ వద్దు. ఇవి రాత్రి తిరిగే జీవులు, అసలు వెతుకులాట లైట్లు ఆర్పాక మొదలవుతుంది.

మన ఇళ్లలో ముగ్గుపిండి ఉంటుంది కదా, దాన్ని జల్లెడతో ప్రతి గడప దగ్గర, గోడల వెంబడి జానెడు వెడల్పున పలుచగా చల్లండి. బియ్యప్పిండి వద్దు, తెల్లారేసరికి చీమలు పట్టి జాడ చెరిపేస్తాయి. రాతిపిండి ముగ్గయితే జాడ స్పష్టంగా పడుతుంది. ఇక్కడ ఒక తమాషా ఉంది. మామూలు పాము మెలికలు తిరుగుతూ పోతుంది, జాడ కూడా వంకరటింకరగా ఉంటుంది. బరువైన కొండచిలువ నెమ్మదిగా పోయేటప్పుడు పొట్ట కింది పొలుసులతో నేలని పట్టుకుని ఒళ్లు ముందుకి జరుపుకుంటుంది, అందుకని దాని జాడ దాదాపు సూటిగా, ఒక గీతలా ఉంటుంది. పిండి మీద సూటిగా నాలుగు వేళ్ల వెడల్పు గీత కనబడితే, ఏ గది నుంచి ఏ గదికి పోయిందో మీకు తెలిసిపోయినట్టే.

గోడల వారన పాత న్యూస్ పేపర్లు, కరకరమనే బిస్కెట్ కవర్లు పరవండి. ఫ్యాన్ ఆపేయండి, చప్పుడు వినబడాలి. ఒక మూలన అట్టపెట్టెకి చిన్న కన్నం చేసి, లోపల పాము పాత పరుపు గుడ్డ, చలికాలమైతే కాపడం పెట్టే వేడినీళ్ల సంచీ, వేసవైతే తడి తువ్వాలు, పక్కన నీళ్ల గిన్నె పెట్టండి. గంటకోసారి టార్చి పట్టుకుని, చెప్పులు లేకుండా కాదు, గట్టి బూట్లు వేసుకుని ఒక చుట్టు తిరగండి. మన ఊళ్లలో రాత్రిపూట గడప దగ్గర కనబడే పాము మీరు వెతికేదే అవ్వాలని రాసి లేదు, కట్లపాములు కూడా రాత్రే తిరుగుతాయి.

ఆకలేస్తే అదే వస్తుందిలే అని ఊరుకోకండి. బాల్ పైథాన్ నెలల తరబడి తినకుండా ఉండగలదు. పాలు పెట్టి పిలవడం, నాదస్వరం ఊదించడం లాంటివి చెప్పేవాళ్లు వస్తారు, మర్యాదగా పంపించేయండి. కార్బాలిక్ యాసిడ్, ఫినాయిల్, వెల్లుల్లి చల్లడం కూడా అంతే, పాముని ఆపవు సరికదా యాసిడ్ పిల్లల కాళ్లకి తగిలితే కాలుతుంది.

ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి

మొదటి గంట వెతుకులాటలో దొరక్కపోతే చెప్పేయండి. సాయంత్రం దాకా చూద్దాం అనుకోవద్దు. రెండు వైపులా పక్కిళ్లు, వెనకిల్లు, పైవాటా, కిందవాటా, అపార్ట్‌మెంట్ అయితే వాచ్‌మన్. వాట్సాప్ గ్రూపులో పెట్టి చేతులు దులుపుకోవద్దు, వెళ్లి తలుపు కొట్టి చెప్పండి. గ్రూపులో పెట్టిన నాలుగడుగుల పాము రాత్రి పదింటికల్లా పద్నాలుగడుగులైపోతుంది, అర్ధరాత్రికి ఎవరో ఎక్కడిదో అనకొండ వీడియో తగిలిస్తారు. చెప్పే తీరు ఇలా ఉంటే చాలు:

"పిన్నిగారూ, మేం పెంచుతున్న పాము పెట్టెలోంచి బయటికొచ్చేసింది. విషం లేదు, నాలుగడుగులుంటుంది, నల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలు, ఇదిగో ఫొటో. మీకు కనబడితే కొట్టకండి, ఆ గది తలుపేసి నాకు ఒక్క ఫోన్ చేయండి, రాత్రి రెండైనా సరే. పాపని ఇవాళ కింద పడుకోబెట్టకండి."

పాము పెద్దదైతే విషం లేదు అన్న ఒక్క ముక్క చెప్పి ఊరుకోవడం మోసం. పదడుగుల బర్మీస్ అయితే ఆ సంగతి అలాగే చెప్పండి: పిల్లల్ని, కుక్కపిల్లల్ని, కోళ్లని, మేకపిల్లల్ని రాత్రి గదిలో పెట్టి గొళ్లెం వేయమనండి, ఆరుబయట మంచాలు వేసుకోవద్దనండి.

తర్వాత అటవీశాఖ. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ మూడు చోట్లా డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసర్ కార్యాలయాలు ఉన్నాయి, మీ రేంజ్ ఆఫీసు నంబరు ఇప్పుడే, పాము పోకముందే, ఫోన్‌లో పెట్టుకోండి. అర్జెంటుగా ఎవరూ దొరక్కపోతే 112, లేదా ఫైర్ స్టేషన్ 101. ఫోన్ చేసినప్పుడు ఇది అడవిలోంచి వచ్చిన పాము కాదు, పెంచిన పాము అని మొదటి మాటగా చెప్పండి. ఒడియాలో మాట్లాడాల్సి వస్తే "పోషా అజగర" అనండి, అర్థమైపోతుంది. ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, మామూలు రంగు బర్మీస్ పైథాన్‌కీ మన దేశవాళీ కొండచిలువకీ పోలిక చాలా దగ్గర. పట్టేవాళ్లు దాన్ని మన కొండచిలువే అనుకుని మంచి మనసుతో తీసుకెళ్లి కెరండిమాల్ కొండల్లోనో మహేంద్రగిరి వైపో వదిలేశారంటే, గాజుపెట్టెలో పెరిగిన పరాయి పాము, దాంతోపాటు దాని రోగాలు, మన అడవిలోకి వెళ్లినట్టే.

కేసు భయం సంగతి కూడా తేల్చేద్దాం. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం (సైటీస్) పట్టికలో ఉన్న విదేశీ జంతువుల్ని పెంచేవాళ్లు నమోదు చేయించుకోవాలి. బాల్ పైథాన్, బోవా (ఇదీ కొండచిలువలాంటి పామే), అనకొండ అన్నీ ఆ పట్టికలోవే. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనలతో ఈ నమోదు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో పెట్టారు. నమోదు ఉంటే ఆ కాగితం చేత్తో పట్టుకుని ఆఫీసుకి వెళ్లండి, మీకు భయమే లేదు. మన కొండచిలువ, బర్మీస్ పైథాన్, రెటిక్యులేటెడ్ పైథాన్ మాత్రం ఆ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉన్నాయి, వాటిని సరదాకి ఇంట్లో పెంచడానికి వీల్లేదు, తేలితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. అలాంటిది మీ ఇంట్లో ఉండి తప్పిపోయిందంటే ఇబ్బంది తప్పదు, ముందు ఒక లాయర్‌తో మాట్లాడండి, కానీ ఆ రోజే మాట్లాడండి. మీరే వెళ్లి చెప్పడానికీ, పక్కింటి పిల్లాడికి ఏదైనా అయ్యాక పోలీసులు మీ ఇంటికి రావడానికీ చాలా తేడా ఉంది.

మీరు పక్కింటివాళ్లయితే

మీకు కనబడింది పెంపుడు పామే అని మీరే తేల్చేయొద్దు. మన ప్రాంతంలో కొత్త పాము కనబడితే అది ఇక్కడి పాము అయ్యే అవకాశమే ఎక్కువ. అందులో ప్రమాదం ఏంటంటే, రక్తపింజరని చూసి చిన్న కొండచిలువ అనుకుని చెయ్యి పెట్టేవాళ్లున్నారు. రక్తపింజరకి వీపు మీద కోడిగుడ్డు ఆకారం మచ్చలు వరసగా, గొలుసు వేసినట్టు ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి, ఒళ్లు గరుగ్గా, తోక పొట్టిగా, తల మూడు మూలలుగా ఉంటుంది, బెదిరితే ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసినంత గట్టిగా బుస కొడుతుంది. కొండచిలువ మచ్చలకి ఆ వరస ఉండదు, అడ్డదిడ్డంగా, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి, ఒళ్లు నున్నగా మెరుస్తుంది. ఈ తేడాలు పది అడుగుల దూరం నుంచి ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడ్డానికి, దగ్గరికెళ్లి చూడ్డానికి కాదు. అనుమానంగా ఉంటే విషప్పామే అనుకోండి. తెల్లగానో పసుపుగానో నిలువెల్లా మెరుస్తుంటే మాత్రం అది ఎవరి పెట్టెలోంచో వచ్చింది కావచ్చు.

కనబడ్డాక చేయాల్సిన పెద్ద పని ఒక్కటే, కళ్లు తిప్పకుండా చూస్తూ ఉండడం. పాము పట్టేవాళ్లు వచ్చేసరికి "ఇందాక ఇక్కడే ఉందండీ" అనే మాటతోనే సగం పిలుపులు వృథా అవుతాయి. ఒకరు దూరంగా నిలబడి చూస్తూ ఉండాలి, ఇంకొకరు ఫోన్ చేయాలి, మూడో మనిషి పిల్లల్ని, గుంపుని వెనక్కి నెట్టాలి. గది లోపల ఉంటే తలుపు మూసి, కింద సందు గుడ్డతో బిగించి, బయట నిలబడితే సరిపోతుంది. కర్ర తీయొద్దు. చట్టం సంగతి పక్కన పెట్టినా, కొట్టబోయిన పామే ఎక్కువ కరుస్తుంది.

వీధిలో పాము తప్పిపోయిందని తెలిసిన రోజుల్లో కమోడ్ మూత ఎత్తాక ఒకసారి చూసి కూర్చోండి. నవ్వొద్దు. 2021 జులైలో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఒక పెద్దాయన్ని కమోడ్ లోపల ఉన్న రెటిక్యులేటెడ్ పైథాన్ కరిచింది, ఐదడుగుల పైచిలుకు పాము, పక్కింటి కుర్రాడిది, పైపుల్లోంచి వచ్చిందని అనుకున్నారు. మేడమీద గాలిపైపు మూతికి ఇనప జాలీ కట్టించుకుంటే ఎలుకలకీ మంచిదే.

బయట వెతకాల్సి వస్తే

ఇల్లంతా అయింది, ముగ్గుపిండి మీద జాడ గడప దాటింది. అప్పుడు పెరడు, వీధి. ఇక్కడ కూడా దగ్గర నుంచి దూరానికే: కొబ్బరి డొక్కల కుప్ప, పేర్చిన పెంకులు, ఇటుకలు, కట్టెల మోపు, గడ్డివాము, కోళ్లగూడు, పంపు షెడ్డు, మురుగుకాలువ మీద పలకలు, కల్వర్టు తూము. కారు బానెట్ తెరిచి చూడండి. సాయంత్రం పొద్దుగూకాక సిమెంటు రోడ్డు వేడి ఆరకముందు పాములు దాని మీదికి వస్తాయి, ఆ వేళ ఒక చుట్టు తిరగడం మేలు. చెరువూ బావీ పక్కనే ఉంటే నీళ్ల అంచు కూడా చూడాలి, బర్మీస్ పైథాన్ బాగా ఈదుతుంది, అరగంట దాకా నీళ్లలో మునిగి ఉండగలదు. కుబుసం దొరికినా, తెల్లటి గట్టి ముద్దతో కలిసిన పెద్ద రెట్ట దొరికినా పారేయకుండా ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టి అటవీశాఖ వాళ్లకి చూపించండి. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో వెస్ట్‌బ్రూక్ అనే ఊళ్లో 2016లో నది ఒడ్డున ఒక పెద్ద కుబుసం దొరికితే, పరీక్ష చేసి అది అనకొండదని తేల్చారు.

దొరికింది, పట్టుకోవాలి

చిన్న బాల్ పైథాన్ అయితే, మీ పామే అని గట్టిగా గుర్తుపడితే, మీరే తీయొచ్చు. పైన దుప్పటి కప్పి, ఒళ్లు మధ్యలో రెండు చేతులతో కింద నుంచి ఎత్తి, కాటన్ దిండు గలేబులో దించి మూతి ముడేయండి. సందులో ఇరుక్కుంటే తోక పట్టుకుని లాగొద్దు, వెన్ను విరుగుతుంది. బీరువానే జరపండి.

ఆరడుగులు దాటితే ఇద్దరు, ఆ పైన ప్రతి నాలుగైదు అడుగులకీ ఒక మనిషి చొప్పున. పదడుగులైతే మీ ధైర్యం మీ దగ్గరే ఉంచుకుని శిక్షణ ఉన్నవాళ్లు వచ్చేదాకా తలుపు కాపలా కాయండి. మెడకి వేసుకుని సెల్ఫీ దిగే బావగారు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు, ఆయన్ని ముందే ఇంటికి పంపించండి.

చుట్టేసుకుందనుకోండి, తల వైపు పెనుగులాడొద్దు, తోక కొస వెతికి అక్కడి నుంచి చుట్లు విప్పుతూ రావాలి. కొండచిలువ బలమంతా మధ్య ఒంట్లో ఉంటుంది, తోక దగ్గర తక్కువ. పట్టు బిగిస్తే గాలి ఆడకపోవడం కంటే ముందే రక్తప్రసరణ ఆగుతుంది, 2015లో బోవాల మీద చేసిన పరిశోధనలో తేలింది ఇదే, కాబట్టి క్షణాలు ముఖ్యం, పక్కవాళ్లని గట్టిగా కేకేయండి. కరిచి వదలకపోతే వెనక్కి గుంజొద్దు, పళ్లు లోపలికి వంగి ఉంటాయి, కండ చిరుగుతుంది. తల మీద చల్లటి నీళ్లు పోయడం, నోటి పక్కన కాస్త సానిటైజర్ వేయడం పనిచేస్తాయి, అది వదిలాక అప్పుడు దూరం జరగండి.

గాయాన్ని సబ్బుతో పారే నీళ్లలో బాగా కడిగి, ధనుర్వాతం టీకా వేయించుకోండి, లోపల పన్ను విరిగి ఉండిపోయిందేమో చూపించుకోండి. కరిచింది ఏ పామో ఖాయంగా తెలియకపోతే ఇదంతా మానేసి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి, బరంపురం చుట్టుపక్కల అయితే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి, మిగతా చోట్ల జిల్లా ఆసుపత్రి. కట్టు బిగించడం, కోయడం, మంత్రం, వేరు, ఏదీ వద్దు.

దొరికాక

ఒంటి మీద గాయాలు, కాలిన మచ్చలు ఉన్నాయేమో చూడండి, నీళ్లు పెట్టండి, నాలుగైదు రోజులు తిండి పెట్టకుండా వదిలేయండి. అది తిరిగిన వంటగది గట్టు, గిన్నెలు సబ్బుతో కడగండి, పాములు సాల్మొనెల్లా అనే రోగం తెచ్చే బాక్టీరియాని మోస్తాయి. చెప్పిన ప్రతి ఇంటికీ మళ్లీ వెళ్లి దొరికిందని చెప్పండి, ఈ పని చాలామంది మర్చిపోతారు, పాపం ఆ పిన్నిగారు నెల రోజులు మంచం దిగడానికి భయపడుతూ ఉంటారు.

ఇక పెంచలేం అనిపిస్తే కొండల్లో వదలొద్దు, ఎవరికీ చెప్పకుండా అమ్మొద్దు, అటవీశాఖకి అప్పగించండి. ఫ్లోరిడాలో ఇలా వదిలేసినవీ, తప్పించుకున్నవీ బర్మీస్ పైథాన్లు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవుల్లో స్థిరపడిపోయాయి. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో, అవి ఎక్కువకాలంగా ఉన్న చోట్ల రకూన్లు అనే చిన్న అడవి జంతువులు కనబడడం 99 శాతం తగ్గిపోయిందని తేలింది. గంజాం తీరం ఉక్కపోత, చెరువులు, పొలాల్లో ఎలుకలు చూస్తే వాటికి ఇక్కడ లోటేమీ ఉండదు.

ఉంచుకుంటాం అంటే పెట్టె సంగతి చూడండి. ఎక్కడినుంచి వెళ్లిందో తెలియకుండా పాముని మళ్లీ అదే పెట్టెలో పెట్టొద్దు. మూత మీద ఇటుక పెట్టడం, సెల్లోటేపు వేయడం బందోబస్తు కాదు, కొండచిలువ రాత్రంతా ముక్కుతో నెడుతూనే ఉంటుంది. జారే గాజు తలుపులకి షోకేసులకి వేసే పంటి తాళం హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, మూతకి నాలుగు వైపులా క్లిప్పులు, గాలికన్నాలకి స్టీలు జాలీ, వైరు వెళ్లే కన్నం చుట్టూ సిలికాన్. పెట్టె ఉన్న గదికి తలుపు కింద రబ్బరు పట్టీ కూడా వేయిస్తే, ఈసారి పెట్టెలోంచి వచ్చినా గది దాటదు.